కాలి మీద పుండు మానడం లేదా? మందు మార్చే ముందు కాలిని చూడండి

నా ఉద్యోగం అంతా డ్రెస్సింగ్ గదిలోనే గడిచింది. నెల్లూరు చుట్టుపక్కల పల్లెల నుంచి, అటు ఒంగోలు, చీమకుర్తి వైపు నుంచి కూడా కాలికి పాత పంచె గుడ్డ చుట్టుకుని వచ్చేవాళ్ళు. గుడ్డ విప్పితే పైన పసుపు, దాని కింద కాఫీ పొడి, దాని కింద గడ్డిచామంతి ఆకు పసరు, అన్నిటి కింద మెడికల్ షాపులో ఇచ్చిన పౌడర్ గట్టిగా అట్టకట్టి ఉండేది. "ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?" అంటే "సంక్రాంతికి ముందు నుంచే" అనేవాళ్ళు. ఏమేం రాశారో అన్నీ వరసగా చెప్పేవాళ్ళు. "ఎందుకు మానడం లేదో ఎవరైనా చెప్పారా?" అని అడిగితే మాత్రం మౌనం. అన్ని నెలల్లో ఆ మాట వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

మామూలు దెబ్బ రెండు మూడు వారాల్లో పూడుతుంది. నెలన్నర దాటినా పూడలేదంటే లోపం పైన రాసే మందులో లేదు, కాలి లోపల ఉంది. రక్తం పైకి ఎక్కడం లేదా, కిందికి దిగడం లేదా, స్పర్శ పోయిందా, నీరు నిలిచిపోయిందా? ఈ నాలుగింటిలో ఏదో తేలితే వైద్యం సగం దొరికినట్టే. ఒక రకం పుండుకి ప్రాణం పోసే కట్టు ఇంకో రకం పుండు ఉన్నవాళ్ళకి కాలు పోగొడుతుంది. అందుకే కట్టు కట్టే ముందు కాలిని చదవడం నేర్చుకోవాలి.

ముందుగా కడిగి, వెలుగులో చూడండి

చేతులు సబ్బుతో కడుక్కోండి. లీటరు నీళ్ళలో టీస్పూనున్నర ఉప్పు వేసి బాగా మరిగించి, గోరువెచ్చగా చల్లారనివ్వండి. ఆ నీళ్ళు ధారగా పోస్తూ పాత మందులన్నీ కడిగేయండి. అట్టకట్టింది ఊడకపోతే తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచండి, గీకి పీకకండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ వద్దు. బుసబుస పొంగితే శుభ్రమవుతోందని అనుకుంటాం, కానీ అవి కొత్తగా పుట్టే కండను కూడా కాల్చేస్తాయి.

ఇప్పుడు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి మోకాలి నుంచి వేళ్ళ దాకా చూడండి. బాగున్న కాలు పక్కనే ఉంటే చెడిన కాలు ఎలా మారిందో తెలుస్తుంది. శుభ్రమైన పాలిథిన్ కవర్ ముక్క పుండు మీద పెట్టి మార్కర్‌తో అంచు గీయండి, తేదీ వేయండి. పక్కన స్కేలు పెట్టి ఫోను‌తో ఫొటో తీయండి. ప్రతి ఆదివారం ఇదే పని. "కాస్త తగ్గినట్టుంది" అనే మాటను నేను ఎప్పుడూ నమ్మలేదు, గీత ఒక్కటే నిజం చెబుతుంది. నాలుగు వారాల్లో పుండు దాదాపు సగానికి రాకపోతే చేస్తున్న వైద్యం చాలడం లేదని అర్థం.

పుండు ఎక్కడ ఉందో చూడండి

చీలమండకి లోపలి వైపు, కాస్త పైన ఉంటే, లోతు లేకుండా, అంచులు వంకరటింకరగా ఉండి, రసి బాగా కారుతుంటే అది చెడు రక్తం, అంటే కాలి నుంచి గుండెకి తిరిగి వెళ్ళాల్సిన రక్తం, పైకి ఎక్కకపోవడం వల్ల వచ్చిన పుండు. చుట్టూ చర్మం ఇనుప తుప్పు రంగులో నల్లబడి ఉంటుంది, దురద ఉంటుంది, సాయంత్రానికి కాలు వాస్తుంది. కాలు ఎత్తి పడుకుంటే హాయిగా ఉంటుంది. పిక్క మీద నరాలు మెలికలు తిరిగి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు కూడా.

వేళ్ళ కొసలకో, మడమకో, ఎముక పైకి తేలిన చోటో ఉండి, అచ్చుతో కొట్టినట్టు గుండ్రంగా, లోపల పాలిపోయి, రసి పెద్దగా లేకుండా ఉంటే మంచి రక్తం, అంటే గుండె నుంచి కాలికి రావాల్సిన రక్తం, కిందికి దిగడం లేదని అనుమానించండి. పాదం చల్లగా ఉంటుంది, వెంట్రుకలు రాలి చర్మం నున్నగా మెరుస్తుంది. నొప్పి రాత్రి పూట నిద్రపోనివ్వదు, కాలు మంచం మీద నుంచి కిందికి వేలాడేస్తే కాస్త తగ్గుతుంది.

అరికాలిలో, ముఖ్యంగా బొటనవేలి మొదట్లో, చుట్టూ ఆనెకాయ కట్టి, మధ్యలో గుంట పడి, నొక్కినా నొప్పి తెలియకపోతే అది స్పర్శ పోయిన కాలు. షుగర్ వల్ల కావచ్చు, కుష్టు వల్ల కావచ్చు.

కాలంతా బోదెలా లావైపోయి చర్మం ముడతలు పడి, ఆ ముడతల్లోనో వేళ్ళ సందుల్లోనో పగుళ్ళు పుళ్ళుగా మారితే అది బోదకాలు.

ఒకే మనిషికి రెండు మూడు కారణాలు కలిసి ఉండటం మామూలే. ఇరవై ఏళ్ళు షుగర్ ఉండి, చుట్ట తాగే పెద్దాయన కాలికి స్పర్శా ఉండదు, రక్తమూ దిగదు. ఆయన పుండు నొప్పి పెట్టదు కాబట్టి ఇంట్లో ఎవరికీ టెన్షన్ ఉండదు. అలాంటి కాళ్ళే ఎక్కువగా పోతాయి.

ఇక్కడ ఒక మాట. మన వాడుకలో రక్తం నడిచే గొట్టాన్నీ నరం అంటాం, స్పర్శ తెలిపే తీగనీ నరం అంటాం. నరాలు ఉబ్బాయని నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళి, అక్కడ చీటీ తిరగరాయించుకుని సర్జన్ దగ్గరికి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. కాలి మీద మెలికలు తిరిగిన నరాలు సిరలు, అవి సర్జన్ చూడాల్సినవి. పెద్దాసుపత్రిలో రక్తనాళాల డాక్టర్ ఉంటే ఇంకా మంచిది.

నాడి చూడకుండా బిగుతు కట్టు కట్టకండి

పాదం పైన, బొటనవేలు, దాని పక్క వేలు కలిసే చోటు నుంచి చీలమండ వైపు మూడు వేళ్ళు మెల్లగా ఆనించండి. టక్ టక్ మని కొట్టుకోవడం తెలియాలి. లోపలి చీలమండ ఎముక వెనక కూడా చూడండి. గట్టిగా నొక్కితే నాడి ఆగిపోతుంది, మీ వేలి నాడే మీకు తెలుస్తుంది. కొందరికి ఆరోగ్యంగా ఉన్నా పాదం పైన నాడి అందదు, అందుకే రెండు చోట్లా చూడాలి. తర్వాత పడుకోబెట్టి కాలు పైకి ఎత్తి ఒక నిమిషం ఉంచండి. పాదం తెల్లగా పాలిపోయి, కిందికి వేలాడేశాక ఎర్రగా కందిపోతే రక్తం సరిగ్గా దిగడం లేదు.

ఇంట్లో చూసింది అనుమానానికే, నిర్ణయానికి చాలదు. ఆసుపత్రిలో రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పరికరంతో చీలమండ దగ్గర బీపీ, చేతి దగ్గర బీపీ చూసి మొదటి దాన్ని రెండోదానితో భాగిస్తారు. దీన్ని ఏబీఐ అంటారు. 0.9 నుంచి 1.3 మధ్య ఉంటే మంచి రక్తం దిగుతున్నట్టు. 0.8కి తగ్గితే పూర్తి బిగుతు కట్టు కట్టకూడదు. 0.5 కన్నా తక్కువైతే రక్తనాళాల డాక్టర్‌ను వెంటనే చూడాలి. షుగర్ ఉన్నవాళ్ళకి రక్తనాళాల గోడలు సున్నం పట్టి గట్టిపడతాయి కాబట్టి అంకె 1.3 దాటి ఎక్కువగా చూపిస్తుంది. ఎక్కువ ఉంది కదా అని సంతోషపడకండి, వాళ్ళకి కాలి వేలి దగ్గర బీపీ చూడాలి, లేదా కలర్ డాప్లర్ స్కాన్ చేయాలి.

సిరల పుండు: కట్టే మందు

నాట్లలో రోజంతా బురదలో వంగి నిలబడే ఆడవాళ్ళు, పొయ్యి దగ్గర నిలబడే హోటల్ మాస్టర్లు, బట్టల షాపుల్లో పిల్లలు, కండక్టర్లు. ఈ పుండు ఎక్కువగా వీళ్ళదే. పిక్క కండరం నడిచినప్పుడల్లా పిండి చెడు రక్తాన్ని పైకి తోస్తుంది, సిరల్లో ఉన్న చిన్న కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. కవాటాలు చెడితే రక్తం చీలమండ దగ్గర నిలుస్తుంది. అందులోని ఇనుము చర్మంలోకి దిగి ఆ తుప్పు రంగు వస్తుంది.

నిలిచిన రక్తాన్ని బయటి నుంచి పైకి తోయాలి. చీలమండ దగ్గర బీపీ కొలిచే లెక్కలో 40 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గేలా కట్టే పొరల కట్టు దీనికి సరైన మందు. మొదటిసారి దాన్ని నేర్చుకున్న నర్సు చేతనో డాక్టరు చేతనో కట్టించుకోండి, కట్టేటప్పుడు ఇంట్లో ఒకరు పక్కన నిలబడి చూడండి. ఇంట్లో క్రేప్ బ్యాండేజ్ కట్టాల్సి వస్తే పద్ధతి ఇది.

పొద్దున మంచం దిగకముందే కట్టండి. దిగి నాలుగడుగులు వేస్తే కాలికి వాపు వచ్చేస్తుంది, ఆ వాపు మీద కట్టిన కట్టు పనిచేయదు. పుండు మీద అంటుకోని డ్రెస్సింగ్ వేసి, కాలి చుట్టూ దూది రోల్ పరవండి, చీలమండ ఎముకల మీద, ముందు ఎముక మీద ఇంకాస్త మందంగా. పాదాన్ని పిక్కకి సమకోణంలో పెట్టించి వేళ్ళ మొదలు నుంచి మొదలుపెట్టండి. మడమ వదిలేయకండి, వదిలేస్తే అక్కడ బుడగలా ఉబ్బుతుంది. ప్రతి చుట్టూ కింద చుట్టును సగం కప్పాలి. మోకాలికి రెండు వేళ్ళ కింద ఆపండి. పైన బిగుతుగా, కింద వదులుగా ఉంటే అది ఉరి తాడులా పనిచేస్తుంది. వేళ్ళు నీలిరంగుకి తిరిగినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా వెంటనే విప్పేయండి. గుండె బలహీనంగా ఉండి ఆయాసం వచ్చేవాళ్ళు డాక్టరుని అడగకుండా ఈ కట్టు జోలికి పోవద్దు.

కట్టు కట్టుకుని నడవండి. కట్టు ఉన్న కాలితో నడిస్తేనే పిక్క పంపు పనిచేస్తుంది. నడవలేనివాళ్ళు కూర్చునే పాదం పైకీ కిందికీ గంటకి పాతికసార్లు ఆడించండి. కాలు కిందికి వేలాడేసి గంటలు గంటలు కూర్చోవద్దు. పడుకున్నప్పుడు పాదాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి, ఒక్క దిండు చాలదు. పాదాల వైపు మంచం కోళ్ళ కింద రెండు ఇటుకలు పెట్టండి.

కలర్ డాప్లర్ తీయించి పాడైన సిరను లేజర్‌తోనో ఇంకో పద్ధతిలోనో మూయించుకోవడం పుండు మానాక చూద్దాం అని వాయిదా వేసేవాళ్ళు. 2018లో ఈవ్రా అనే బ్రిటన్ పరిశోధన ఫలితాలు వచ్చాక ఆ ఆలోచన మారింది. కట్టుతో పాటు ముందే సిర మూసినవాళ్ళలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానితే, వాయిదా వేసినవాళ్ళకి అదే 82 రోజులు పట్టింది. కాబట్టి పుండు ఉండగానే సర్జన్‌ని అడగండి.

నియోమైసిన్ కలిసిన ఆయింట్‌మెంట్లు, పౌడర్లు నెలల తరబడి రాస్తే ఈ కాళ్ళకి ఎలర్జీ పట్టుకుంటుంది. చుట్టూ చర్మం ఎర్రగా పొక్కి రసి కారుతుంటే పుండు పెరిగిందనుకుని ఇంకాస్త రాస్తారు. ఆపితేనే తగ్గుతుంది.

రక్తం దిగని కాలు: ఇంటి వైద్యం వద్దు

ఇక్కడ నేను చెప్పేది కొంచెమే, కానీ గట్టిగా చెబుతున్నాను. బిగుతు కట్టు కట్టవద్దు, కాలు ఎత్తిపెట్టవద్దు, వేడినీళ్ళ కాపడం వద్దు. నల్లగా ఎండిన వేలుంటే తడపకుండా పొడిగుడ్డతో కప్పి ఉంచండి, మీరే కోయవద్దు. వారంలోపు రక్తనాళాల డాక్టర్ ఉన్న చోటికి వెళ్ళండి. మూసుకున్న రక్తనాళాన్ని బెలూన్‌తోనో బైపాస్‌తోనో తెరిస్తే పుండు దానంతట అదే మానే దారిలో పడుతుంది.

నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గడం ఈ జబ్బు ముందుగా చెప్పే కబురు. "వయసైంది కదా" అని దాన్ని వదిలేస్తారు. బీడీ, చుట్ట, సిగరెట్ ఇవాళే ఆపాలి. పొగాకు పండించే ఊళ్ళలో ఈ మాట చెప్పడం కష్టమని నాకు తెలుసు. నలభై ఏళ్ళ లోపు మగవాళ్ళకి వేళ్ళు నల్లబడే జబ్బు ఒకటుంది, బర్జర్స్ అంటారు. పొగ పూర్తిగా మానితే తప్ప అది ఆగదు. రోజుకి ఒక్కటి తాగినా ముందుకే పోతుంది.

స్పర్శ పోయిన పాదం: బరువు తీసేయాలి

ముందు ఒక పరీక్ష. కళ్ళు మూసుకోమని, మీ చూపుడు వేలు కొసతో రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు కొసల్ని ఒక్కొక్కటిగా, ఈకలా తాకించి ఒకటి రెండు సెకన్లు ఉంచండి. నొక్కకండి, గీయకండి. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఆసుపత్రిలో సన్నని నైలాన్ తీగతో ఇదే చూస్తారు.

స్పర్శ లేని పాదం పుండు మానకపోవడానికి పెద్ద కారణం దాని మీదే నడవడం. మనకి రాయి గుచ్చుకుంటే కుంటుతాం, ఆ కుంటడమే మనల్ని కాపాడుతుంది. వాళ్ళు కుంటరు. ఎంత ఖరీదైన మందు రాసినా రోజుకి కొన్ని వేల అడుగులు ఆ పుండు మీదే పడుతుంటే ఏం మానుతుంది? పాదానికి అతుక్కునేలా పిండికట్టు వేసి బరువును కాలంతా పంచే పద్ధతి ఉంది. కుష్టు పుళ్ళకి వాడిన ఈ పద్ధతిని వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ లాంటివాళ్ళు ప్రచారంలోకి తెచ్చారు, తర్వాత షుగర్ పాదాలకీ అదే వచ్చింది. రక్తం సరిగ్గా దిగుతూ, చీము లేనప్పుడే దీన్ని వేస్తారు. అది దొరకనప్పుడు పుండు ఉన్న చోట బరువు ఆనకుండా చెప్పు అడుగున మెత్త కత్తిరించి ఇస్తారు, చేతికర్ర ఇస్తారు. పొలం గట్టు దాకా కదా, బాత్రూం దాకా కదా అని ఆ చెప్పు వదిలేయకండి.

ఆనెకాయను బ్లేడుతో ఇంట్లో కోయవద్దు, డాక్టర్ దగ్గర తీయించండి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష (HbA1c) చేయించండి. పుండేమీ లేకపోయినా పాదం ఒక్కసారిగా ఎర్రగా వాచి, వేడిగా ఉండి, నొప్పి లేకపోతే లోపల ఎముకలు విరుగుతున్నాయేమో. దాన్ని చార్‌కాట్ పాదం అంటారు. ఆ రోజే నడక ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకి, మాలకొండకీ పెంచలకోనకీ చెప్పుల్లేకుండా వెళ్ళేవాళ్ళకి నా విన్నపం. ఎండాకాలం గుడి బండల మీద స్పర్శ లేని పాదం కాలిపోతుంది, ఇంటికొచ్చి బొబ్బలు చూసుకునే దాకా తెలియదు. గురుస్వామికి విషయం చెప్పి కాళ్ళకి రక్షణ వేసుకోండి. భక్తికి అది అడ్డం కాదు.

చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉండి, వేళ్ళు వంకరపోయి, షుగర్ లేకుండా అరికాలి పుండు పడితే కుష్టు పరీక్ష చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడాలి. మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటించరు, కాబట్టి కంచం, మంచం వేరు చేయవద్దు. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రావడం అరుదు, అందుకే మెత్తని రబ్బరు అడుగున్న చెప్పులు ఎప్పటికీ వేసుకోవాలి. వాటిని ప్రభుత్వమే ఇస్తుంది, ఆశా కార్యకర్తను అడగండి.

బోదకాలు

దోమకాటుతో వచ్చిన పురుగులు శరీరంలో నీరు నడిచే దారుల్ని పాడుచేస్తాయి. మాటిమాటికీ చలిజ్వరం వచ్చి గజ్జల్లో బిళ్ళ కట్టడం పగుళ్ళలోంచి దూరే సూక్ష్మక్రిముల వల్ల. కాబట్టి వైద్యం చాలా మామూలుది, ప్రతి రోజూ చేయాల్సింది. సబ్బు, మామూలు నీళ్ళతో ముడతల మధ్య దాకా కడగండి. వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తడి లేకుండా తుడవండి, అసలు కిటుకు అదే. పాచిన చోట ఫంగస్ క్రీము రాయండి. కాలు ఎత్తి పెట్టండి. రొయ్యల చెరువుల్లో, మడిలో పని ఉన్నవాళ్ళు ఇంటికి రాగానే ముందు ఈ పని చేయండి, తర్వాతే అన్నం.

వీటిలో ఏదీ కాకపోతే

పాత కాలిన మచ్చ మీద ఏళ్ళ తర్వాత పుండు లేచినా, అంచులు కాలీఫ్లవర్‌లా పైకి పొంగినా, ముట్టుకుంటే రక్తం కారినా, సరైన వైద్యం చేసినా మూడు నెలల్లో మానకపోయినా ముక్క తీసి పరీక్ష చేయమని మీరే అడగండి. క్యాన్సర్ కావచ్చు, క్షయ కావచ్చు. ఊదారంగు అంచుతో రోజుల్లో పెరిగిపోయి విపరీతంగా నొప్పి పెట్టే ఒక రకం ఉంది. దాన్ని కోసి శుభ్రం చేస్తే ఇంకా పెరుగుతుంది, చర్మం డాక్టర్ చూడాల్సిందే.

రోజూ చేసే డ్రెస్సింగ్, తిండి

పుండు ఆరబెట్టాలనేది పాత మాట. కొత్త కండ తేమలోనే పెరుగుతుంది, అలాగని రసిలో మునిగి ఉండకూడదు. ఉప్పునీళ్ళతో కడిగి, పారఫిన్ పూసిన జాలి గుడ్డ వేసి, దాని మీద గాజ్ (పల్చని కట్టుగుడ్డ) మెత్త పెట్టండి. చుట్టూ బాగున్న చర్మానికి వాజిలైన్ రాయండి, రసి తగిలి పాచిపోకుండా. రసి ఎక్కువైతే రోజూ, తక్కువైతే రెండు మూడు రోజులకోసారి మార్చండి. రక్తం దిగని, ఎండిన నల్లని పుండుకి మాత్రం ఈ తేమ పద్ధతి వర్తించదు. జ్వరం, ఎరుపు, చీము లేకుండా యాంటీబయాటిక్ మాత్రలు మింగితే పుండు మానదు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో గుర్తులేకపోతే వేయించండి.

"పప్పు తినబాకమ్మా, చీము పడుద్ది" అని అత్తగారు చెబితే కోడలు కారం మెతుకులతో నెలలు గడిపేస్తుంది. చీము పప్పు వల్ల రాదు, క్రిముల వల్ల వస్తుంది. కండ పూడాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప, వేరుశెనగ పెట్టండి. ఆకుకూర, నిమ్మకాయ, జామకాయ కూడా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ని అడగండి. రక్తం తక్కువగా ఉందేమో కూడా చూపించుకోండి.

ఆ రోజే బయల్దేరాల్సినవి

చలితో జ్వరం, ఎరుపు గంటగంటకీ పైకి పాకడం, కుళ్ళు వాసన, వేలు నల్లబడటం, పుండులో ఎముక కనిపించడం, కాలు ఒక్కసారిగా చల్లబడి పాలిపోవడం, ఒక్క పిక్కే హఠాత్తుగా వాచి నొప్పి పెట్టడం, షుగర్ ఉన్నవాళ్ళు మత్తుగా పడి ఉండటం. వీటిలో ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి నెల్లూరు లేదా ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్ళండి. పాలిథిన్ గీతలు, ఫోన్‌లో ఫొటోలు, వాడుతున్న మందుల చీటీలు, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఒకే సంచిలో ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకోండి.

మానిన తర్వాత

సిరల పుండు మానిన రోజే కాలిని బిగుతుగా పట్టే మేజోళ్ళకి (కంప్రెషన్ స్టాకింగ్స్) కొలత ఇవ్వండి. మార్కెట్‌లో క్లాస్ 2 (బిగుతు స్థాయి) అని అడిగితే ఇస్తారు, కానీ కొలత చీలమండ దగ్గర, పిక్క దగ్గర పొద్దున్నే తీయించాలి. మంచం దిగకముందు వేసుకుని రాత్రి పడుకునే ముందు తీయండి. ఆరు నెలలకి సాగిపోతాయి, కొత్తవి కొనండి. వేసుకోవడం మానేస్తే పుండు అదే చోట మళ్ళీ తెరుచుకుంటుంది.

స్పర్శ లేనివాళ్ళు చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం వాచి ఉంటుంది కాబట్టి అసలు కొలత తెలుస్తుంది. వేళ్ళ మధ్య పట్టీ ఉన్నవి వద్దు, వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి. చిల్లకంప ముల్లు చెప్పు అడుగులోంచి దూరి లోపలికి వచ్చేస్తుంది, అందుకే వేసుకునే ముందు ప్రతిసారీ దులిపి, లోపల చెయ్యి పెట్టి తడమండి. రాత్రి పడుకునే ముందు అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లో బడికి వెళ్ళే పిల్లల్ని చూడమనండి, వాళ్ళ కళ్ళకి చిన్న గీత కూడా దొరుకుతుంది.